ఒంటికంటి ఆటగాడి ఊరిలో

మా అబ్బాయి కెనడా దేశపు రాజధాని ఒట్టావాలో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 ఫిబ్రవరిలో నేనూ మా ఇంటావిడా అక్కడికి వెళ్ళాము. చలికాలంలో వెళ్ళవద్దని చెప్పనివారు లేరు. కాని మనుమడి తొమ్మిదో పుట్టినరోజు ఆ నెలలోనే పడింది. తాతయ్య రావలసిందేనని వాడు ఫోనులో పట్టుబట్టాడు. ఇక మేము చలి సంగతి ఆలోచించలేదు.

ఆ ఊరి మధ్యగా రీడో కాలువ పోతుంది. కల్నల్ జాన్ బై అనే ఇంగ్లీషు సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో తవ్వించినది, 1832లో పూర్తయింది. నేను గోదావరి జిల్లావాడిని. కాలువగట్టు మీదనే పుట్టి పెరిగాను. మాకు వేసవిలో కాలువలు కట్టేస్తారు, అడుగున బురద తేలుతుంది, పిల్లలు చేపలకు దిగుతారు. వీరి కాలువ చలికాలంలో రాయిలా గడ్డకడుతుంది. దాని మీద 7.8 కిలోమీటర్ల మేర జనం బూట్ల కింద ఇనుప బద్దలు కట్టుకొని జారుకుంటూ పోతారు. 1971 నుంచి ప్రభుత్వంవారే ఈ దారిని చదునుచేసి నడుపుతున్నారట. సంచి వీపున వేసుకొని ఆఫీసుకు అలాగే పోతున్నవారిని నా కళ్ళారా చూశాను. 2023లో మాత్రం చలి చాలక, ఐసు మందం కట్టక, ఆ దారి ఒక్కరోజు కూడా తెరవలేదు. అలా జరగడం అదే మొదటిసారి. ఆ మాట చెబుతున్నప్పుడు, వాన లేని ఏడు గురించి మన రైతు చెప్పినట్లే చెప్పారు అక్కడివారు.

నేను ఆ ఐసు మీద నాలుగడుగులు వేసి గట్టెక్కేశాను. అందుకు కారణం వయస్సు ఒక్కటే కాదు. పదకొండో ఏట బిళ్లంగోడు ఆడుతుండగా, బిళ్ల ఎగిరివచ్చి నా ఎడమ కంటికి తగిలింది. కన్ను నిలిచింది గాని చూపు పోయింది. పైకి చూసేవారికి తెలియదు. రెండు కళ్ళున్నవారికి ఏది ఎంత దూరంలో ఉన్నదో ఇట్టే తెలిసిపోతుంది. ఒంటికంటివాడు దానిని ప్రతిసారీ లెక్క కట్టుకోవాలి. టీ పోస్తే కప్పు పక్కన పడుతుంది. సూదిలో దారం ఎక్కదు. మెట్టు ఉన్నదనుకున్న చోట ఉండదు. ఏళ్ళ తరబడి నీడలను చూసి, తలను ఇటూ అటూ కదిపి, వస్తువు చిన్నదవుతోందా పెద్దదవుతోందా అని గమనించి సర్దుకుంటాము. తెల్లటి ఐసు మీద, తెల్లటి ఎండలో, ఆ నీడలు కూడా నాకు దొరకలేదు.

ఇంటికి వచ్చాక మనుమడు తన బడి పుస్తకం తెచ్చాడు. తమ ఊరి పాతకాలపు ఐస్ హాకీ ఆటగాడి గురించి రాయమని టీచరుగారు చెప్పారట. వాడికి ఆ ఆటంటే ప్రాణం. వారి వీధి చివరి పార్కులో, నేల మీద నీళ్ళుపోసి గడ్డకట్టించిన చోట, రోజూ సాయంత్రం కర్రలు పట్టుకొని పిల్లలు చేరతారు. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్లని రబ్బరు బిళ్లను కొట్టుకుంటారు. బిళ్ల అన్న మాట వినగానే నా చెయ్యి దానంతటదే కంటి మీదికి పోయింది.

“తాతయ్యా, నేను రాసేది ఫ్రాంక్ మెగీ గురించి. ఆయనకు ఒక కన్నే కనబడేది, నీలాగే” అన్నాడు వాడు.

ఫ్రాంక్ మెగీ 1882 నవంబరులో ఒట్టావాలోనే పుట్టాడు. ఐరిష్ రోమన్ కాథలిక్ కుటుంబం. తండ్రి జాన్ జోసెఫ్ మెగీ ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి, కెనడా ప్రివీ కౌన్సిల్ గుమాస్తా. మన భాషలో గుమాస్తా అంటే చిన్న పదవిలా వినబడుతుంది గాని అది మంత్రివర్గం తీర్మానాలన్నీ చేతిలో ఉండే పదవి. పెదతండ్రి థామస్ డార్సీ మెగీ కెనడా దేశాన్ని ఏర్పాటు చేసిన నాయకులలో ఒకడు. 1868 ఏప్రిల్‌లో ఇదే ఊరిలో, స్పార్క్స్ వీధిలో, రాత్రివేళ పార్లమెంటు నుంచి బసకు వస్తుండగా ఆయనను కాల్చి చంపారు. పార్లమెంటు ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. అటువంటి ఇంటి పిల్లవాడు ఫ్రాంక్. ఐదడుగుల ఆరంగుళాల మనిషి. జుట్టు దువ్వి, బట్టలు నలగకుండా ఆటకు వచ్చేవాడని చెప్పుకుంటారు.

1900 మార్చిలో హాక్స్‌బరీ అనే ఊరిలో ఒక ఆట పెట్టారు. దక్షిణాఫ్రికా యుద్ధానికి వెళ్ళిన సైనికుల సహాయ నిధికి డబ్బు పోగుచేయడం కోసం ఆడిన ఆట అది. అందులో ఫ్రాంక్ కంటికి దెబ్బ తగిలింది. ఒక కంటి చూపు పోయింది. అప్పటికి పదిహేడేళ్ళు. ఆ రోజుల్లో ఆటగాళ్ళ తలకు టోపీ లేదు, ముఖానికి అడ్డు లేదు. రెండో కంటికి కూడా తగిలితే బతుకంతా చీకటే. కొంతకాలం ఆట మాని, ఇతరుల ఆటకు రిఫరీగా నిలబడ్డాడు. గట్టు మీద నిలబడి చూడటం ఎంత కష్టమో ఆడినవాడికే తెలుసు. 1903 జనవరిలో ఒట్టావా జట్టులో చేరి మళ్ళీ ఐసు మీదికి దిగాడు. మొదటి ఆటలోనే రెండు గోళ్ళు చేశాడు.

అప్పటి ఆటకు ఇప్పటి ఆటకు చాలా తేడా ఉంది. ఇప్పుడు ఆరుగురు ఆడతారు, అప్పుడు ఏడుగురు. ముప్పయి నిమిషాల చొప్పున రెండు భాగాలు. అలసిపోయినా మార్చుకోవడానికి వేరే మనిషి ఉండడు. బిళ్లను ముందున్నవాడికి అందించకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. కాబట్టి గోలు చేయదలచినవాడు బిళ్లను కర్రతో తోసుకుంటూ మనుషుల మధ్యలోంచి తానే దూసుకుపోవాలి. ఒక పక్క ఏమీ కనబడనివాడికి ఆ పక్కనుంచి వచ్చే మనిషి తగిలేవరకూ తెలియడు. ఇది మాత్రం నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. సంతలో, బస్‌స్టాండులో ఎడమ పక్కనుంచి ఎందరు నన్ను గుద్దుకున్నారో లెక్క లేదు.

1903 మార్చిలో ఒట్టావావారు స్టాన్లీ కప్పు గెలిచారు. లార్డ్ స్టాన్లీ అనే గవర్నర్ జనరల్ దేశంలోని మేటి హాకీ జట్టుకు ఇమ్మని 1892లో ప్రకటించిన వెండి పాత్ర అది. దాని జ్ఞాపకార్థం 2017లో స్పార్క్స్ వీధిలో ఒక పెద్ద కట్టడం నిలబెట్టారు. పెదతండ్రి హతమైన వీధి, కొడుకు గెలిచిన కప్పుకు గుర్తు నిలిచిన వీధి ఒకటే. ఆటగాళ్ళు డబ్బు తీసుకోకూడదు గనుక, జట్టు పెద్ద ఒకాయన ఒక్కొక్కరికి ఒక వెండి ముద్ద బహుమానంగా ఇచ్చాడట. అందుకే వారికి ‘సిల్వర్ సెవెన్’ అని పేరు వచ్చింది. 1906 మార్చి వరకు, ఎందరు సవాలు చేసినా, వారు ఆ కప్పును వదలలేదు.

ఆ రోజుల్లో ఎక్కడివారైనా సవాలు పంపవచ్చు. అలా వచ్చినవారిలో నాకు బాగా నచ్చినవారు ఓడిపోయినవారే. వారి సంగతి కాస్త వివరంగా చెబుతాను.

కెనడా వాయవ్య మూలన, యూకాన్ నది ఒడ్డున డాసన్ సిటీ అని ఒక ఊరుంది. 1896లో ఆ చుట్టుపక్కల బంగారం దొరికింది. వేలాదిమంది ఎగబడ్డారు. నాలుగైదేళ్ళకే బంగారం తగ్గింది, జనం చెదిరిపోయారు. మిగిలినవారు చలికాలమంతా హాకీ ఆడుకునేవారు. జో బాయిల్ అనే గనుల ఆసామి పూనుకొని స్టాన్లీ కప్పుకు సవాలు పంపాడు. ఒట్టావావారు సరేనన్నారు. 1904 డిసెంబరు మూడో వారంలో ఆ ఆటగాళ్ళు బయలుదేరారు.

రైలు ఎక్కాలంటే ముందు వైట్‌హార్స్ చేరాలి. అది 330 మైళ్ళు. కొందరు కుక్కలు లాగే బండ్లతో, కొందరు సైకిళ్ళ మీద బయలుదేరారు. సైకిళ్ళు దారిలోనే మొరాయించాయి. నడక తప్పలేదు. మొదటి రోజు 46 మైళ్ళు, రెండో రోజు 41 మైళ్ళు నడిచారు. కాళ్ళు బొబ్బలెక్కాయి. వైట్‌హార్స్ నుంచి రైలు మంచులో చిక్కుకొని ఆలస్యమైంది. స్కాగ్వే రేవుకు చేరేసరికి, పట్టుకోవలసిన స్టీమరు కొద్ది గంటల ముందే వెళ్ళిపోయింది. రోజుల తరబడి కాచుకొని మరో ఓడ ఎక్కి, సముద్రపు కుదుపుకు వాంతులు చేసుకుంటూ సియాటిల్ చేరారు. అక్కడినుంచి వాంకూవర్, అక్కడినుంచి దేశం ఆ కొసనుంచి ఈ కొసకు రైలు. మొత్తం సుమారు నాలుగువేల మైళ్ళు, మూడు వారాలపైన ప్రయాణం. 1905 జనవరి రెండో వారంలో ఒట్టావా చేరారు. ఆటను కొన్నాళ్ళు వాయిదా వెయ్యమని అడిగితే ఒట్టావావారు ఒప్పుకోలేదు. ఇంటికి అలసి వచ్చిన అతిథికి కాళ్ళు కడుక్కునే వ్యవధి కూడా ఇవ్వకపోవడం నాకు మాత్రం మర్యాదగా తోచలేదు.

జనవరి 13న మొదటి ఆట. ఒట్టావా 9, డాసన్ 2. ఆ రోజు ఫ్రాంక్ మెగీ ఒకే ఒక్క గోలు చేశాడు. డాసన్ ఆటగాడు ఒకడు, ఈ మెగీ అనేవాడు పేరుకు తగ్గవాడు కాడని ఎగతాళి చేశాడట. 16వ తేదీన రెండో ఆట. ఫ్రాంక్ ఒక్కడే పద్నాలుగు గోళ్ళు చేశాడు. అందులో ఎనిమిది వరసగా, తొమ్మిది నిమిషాలలోపు. ఒట్టావా 23, డాసన్ 2. స్టాన్లీ కప్పు ఆటలలో ఒక్క ఆటలో పద్నాలుగు గోళ్ళు ఆ తరువాత ఎవరూ చేయలేదు. డాసన్ గోల్‌కీపర్ ఆల్బర్ట్ ఫారెస్ట్ నూనూగు మీసాల కుర్రవాడు. అతడు అంత బాగా ఆడకపోతే ఇంకెన్ని పడేవోనని ఒట్టావా పత్రికలే మెచ్చుకున్నాయి.

మా మనుమడు ఆ పద్నాలుగు అంకెను ఎర్ర రంగు పెన్సిలుతో పెద్దగా రాశాడు. నేనైతే ఆ 46 మైళ్ళను పెద్దగా రాయమన్నాను. వాడు ఒప్పుకోలేదు.

అదే ఏడాది మార్చిలో రాట్ పోర్టేజ్ అనే ఊరి జట్టు వచ్చింది. మొదటి ఆటలో ఫ్రాంక్ లేడు, ఒట్టావా ఓడిపోయింది. అతని మణికట్టు ఎముక విరిగి ఉంది. అయినా మిగిలిన రెండు ఆటలకు దిగాడు. ఎదుటివారు కర్రలతో విరిగిన చేతినే కొడతారని తెలుసు గనుక, బాగున్న చేతికి లావుగా కట్టు కట్టించుకొని, విరిగిన చేతికి పలుచని కట్టు కట్టించుకున్నాడని చెబుతారు. దెబ్బలన్నీ బాగున్న చేతి మీద పడ్డాయట. మూడో ఆటలో 5-4 తో ఒట్టావా గెలిచింది. చివరి గోలు ఫ్రాంక్‌దే.

ఈ కట్టు సంగతి చదివి మనుమడు పకపకా నవ్వాడు. వాళ్ళ నాన్నమ్మ కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను గాని, అది పూర్తిగా మనసారా నవ్విన నవ్వు కాదు. ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది.

ఫ్రాంక్ 1906లో ఆట మానేశాడు. అప్పటికి ఇరవైమూడేళ్ళు మాత్రమే. లీగు ఆటలు 23 ఆడి 71 గోళ్ళు, కప్పు ఆటలు 22 ఆడి 63 గోళ్ళు చేశాడు. ఆ తరువాత ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపాడు. 1914లో యూరప్‌లో యుద్ధం వచ్చింది. ఫ్రాంక్ పేరు ఇచ్చాడు. ఒక కన్ను లేనివాడిని సైన్యంలోకి తీసుకోరు. అయితే అతడు వైద్య పరీక్ష నెగ్గాడు. ఎలా నెగ్గాడో ఆ కుటుంబంలో చెప్పుకున్న కథ ఇది. డాక్టరు ఒక కన్ను మూసుకొని ఎదుట ఉన్న అక్షరాలు చదవమన్నాడు. ఫ్రాంక్ ఒక చేత్తో చూపులేని కన్ను మూసుకొని గడగడా చదివాడు. ఇప్పుడు రెండో కన్ను మూసుకోమన్నాడు డాక్టరు. ఫ్రాంక్ చెయ్యి మార్చాడు, కన్ను మార్చలేదు. రెండోసారి కూడా గడగడా చదివాడు.

ఇది చదివి మనుమడు మళ్ళీ నవ్వాడు. నేను లేచి వంటగదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

1977లో నాకు టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. అయిదుగురు పిల్లలలో నేను పెద్దవాడిని. నాన్నగారు అప్పటికే మంచాన పడ్డారు. వైద్య పరీక్షకు ఆసుపత్రికి వెళితే వరండాలో వరస ఉంది. లోపల ఒక్కొక్కరి చేత అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలు చదివిస్తున్నారు. నా ముందు తొమ్మిదిమంది. తొమ్మిదిమంది చదివినదీ తలుపు బయటినుంచి విన్నాను. నా వంతు వచ్చేసరికి అట్ట అంతా కంఠతా వచ్చేసింది. మంచి కన్ను మూసుకొని, చూపులేని కన్ను తెరుచుకొని, పైనుంచి కింద వరుస దాకా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. డాక్టరుగారు మంచి చూపు అని రాసి సంతకం పెట్టారు. ముప్పయి అయిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాను. పిల్లలకు అబద్ధమాడకూడదని కూడా చెప్పాను. ఆ కింది వరుస నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటావిడకు ఒక్కదానికే చెప్పాను. అబ్బాయికి తెలియదు.

ఫ్రాంక్ చేసిన పనికీ నేను చేసిన పనికీ తేడా లేదని అనను. నాకు జీతం వచ్చింది. అతనికి వచ్చినది వేరు. 1915లో అతడు 21వ కెనడా బెటాలియన్‌లో లెఫ్టినెంటుగా ఫ్రాన్స్ చేరాడు. అంతకుముందే, మే నెలలో, అతని సోదరుడు చార్లెస్ ఫెస్టుబర్ యుద్ధంలో చనిపోయాడు. డిసెంబరులో ఫిరంగి గుండు పేలి ఫ్రాంక్ మోకాలికి గాయమైంది. ఇంగ్లండులో నెలల తరబడి చికిత్స జరిగింది. ఆ తరువాత యుద్ధభూమికి దూరంగా, లహావ్ర్ రేవులో కూర్చొని చేసే ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని తన బెటాలియన్‌కే తిరిగి వెళ్ళాడు. 1916 సెప్టెంబరు 16న సోమ్ యుద్ధంలో కూర్సెలెట్ గ్రామం దగ్గర చనిపోయాడు. ముప్పయిమూడేళ్ళు. దేహం దొరకలేదు. ఫ్రాన్సులో విమీ అనే గుట్ట మీద 1936లో కెనడావారు ఒక పెద్ద స్మారకం కట్టారు. ఫ్రాన్సులో చనిపోయి సమాధి దొరకని సైనికుల పేర్లు, పదకొండువేలకు పైగా, ఆ రాళ్ళ మీద చెక్కారు. ఫ్రాంక్ పేరు అందులో ఉంది. 1945లో హాకీ గౌరవమందిరానికి ఎన్నుకున్న మొదటి ఆటగాళ్ళలో అతడొకడు.

పదహారు నెలల తేడాలో ఇద్దరు కొడుకులు పోయిన ఆ తండ్రి గురించి ఎక్కువగా ఆలోచించాను. ప్రభుత్వపు కాగితాలన్నీ తన చేతిమీదుగా నడిపిన మనిషి. కొడుకు కంటి సంగతి ఎరిగిన మనిషి. డాక్టరుకు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే సరిపోయేది గదా అనిపించింది. అలా అనిపించగానే, మా నాన్నగారికి కూడా నా కన్ను సంగతి తెలుసునని, పరీక్షకు వెళ్ళే రోజున మంచం మీదనుంచే నా చెయ్యి పట్టుకొని ఏమీ అనకుండా వదిలిపెట్టారని గుర్తుకు వచ్చింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరం మళ్ళీ కాలువకు వెళ్ళాము. 1905లో కప్పు గెలిచిన సంతోషంలో ఆటగాళ్ళలో ఒకడు కప్పును తన్ని ఈ కాలువలో పడేశాడని, మర్నాడు వచ్చి చూస్తే ఐసు మీద అలాగే ఉన్నదని ఒక కథ ఉంది. మనుమడు ఆ చోటు ఎక్కడో చూపిస్తానని చెప్పి, ఒక్కో వంతెన దగ్గర ఒక్కో చోటు చూపించాడు. నా ఎడమ పక్కన నడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పక్కనే ఎందుకని అడిగితే, “అటు నీకు కనబడదుగా” అన్నాడు.

అబ్బాయి బెంచీ మీద బూట్లు కట్టుకుంటున్నాడు. వాడి పక్కన కూర్చొని 1977 సంగతి చెప్పాను. వాడు తాళ్ళు బిగించడం ఆపి నా వైపు చూశాడు. “నాన్నగారూ, మీరు ఎప్పుడూ చెప్పలేదేం?” అన్నాడు. జవాబు తోచలేదు. కాసేపు ఇద్దరం జనాన్ని చూస్తూ కూర్చున్నాము. తరువాత వాడు లేచి నాకొక చెయ్యి ఇచ్చాడు. ఈసారి నాలుగడుగులు కాదు, అవతలి గట్టుదాకా వెళ్ళి వచ్చాము.

ఆ రాత్రి మనుమడు వ్యాసం ముగిస్తూ నన్ను పిలిచాడు. కంటి పరీక్ష సంగతి రాయాలి. “తాతయ్యా, మోసం చేశాడు అని రాయనా, తెలివిగా తప్పించుకున్నాడు అని రాయనా?” అని అడిగాడు. నేను చాలాసేపు ఊరుకున్నాను. రెండూ వద్దు, జరిగినది జరిగినట్టు రాయి అన్నాను. మొదట ఈ చెయ్యి, తరువాత ఆ చెయ్యి, రెండుసార్లూ అదే కన్ను. వాడు తన చేతులతో ఒకసారి చేసి చూసుకొని అలాగే రాశాడు.